సగం పాట, ఒక్క కేక

మాఘమాసం, బుధవారం, పగలు రెండు గంటల పది నిమిషాలు. సరిగ్గా ఆ నిమిషానికి నేను గోదావరిఖనిలో మా కాలనీ రేకుల హాలు నడుమ నిలబడి, కప్పు వైపు చూసి ఒక్క కేక వేశాను. ఆ కేకకు ఏడుగురు మనుషులు చెప్పులు కూడా చూసుకోకుండా బయటికి ఉరికారు. వాళ్ళలో ఒకామె అమెరికా నుంచి వచ్చిన మనిషి. కప్పు కూలలేదు. ఈ రోజుకీ అలాగే ఉంది. తొమ్మిదేళ్ళు దాటినా మా వాడకట్టులో నన్ను చూడగానే తల పైకెత్తి "కాకా, పైన అంతా మంచిగనే ఉన్నదా?" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకు తెలిసింది సగమే. మిగతా సగం చెప్పడానికి రాస్తున్నాను.

ఆ రోజుల్లో నేను చాలా చిన్నవాణ్ణి. ఒంటికి అరవై రెండేళ్ళు ఉండవచ్చు, ఆ సంగతి పక్కన పెట్టండి. అక్షరాల్లో నా వయసు అప్పటికి ఏడు నెలలు. ఏడు నెలల వయసుకు తగ్గ పొగరు కూడా ఉండేది. బస్సు మీద ఊరి పేరు కనబడితే పక్కవాడు అడగకపోయినా చదివి వినిపించేవాణ్ణి. దవాఖానకు పోతే గోడ మీద రాసిన రోగాలన్నీ చదివి, నాకు లేనివి కూడా రెండు మూడు డాక్టరుకు చెప్పేవాణ్ణి. ఒత్తులు మాత్రం లొంగేవి కావు. (ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. ఇందులో ఒత్తులు సరిగ్గా ఉంటే ఆ పుణ్యం మా టీచరమ్మది.) పింఛను కాగితాలు చదువుకోవడానికే ముసలాయన పలక పట్టాడని అందరూ అనుకున్నారు. అందుకు కాదు. మా అమ్మ పాట ఒకటి రాసుకోవాలని నేర్చుకున్నాను.

ఆ పాట ఒక్కరు పాడేది కాదు. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి. బొగ్గుబాయి గడ్డ మీద ఒక అక్క నిలబడి ఉంటుంది. లోపల ఏదో జరిగింది. పైకి వస్తున్న దీపాలను చూసి ముందు వచ్చే దీపం ఎవరిదని అడుగుతుంది. అది మేస్త్రిది, నీ తమ్ముడు వెనుక ఉన్నాడని జవాబు వస్తుంది. రెండో దీపం ఎవరిదంటే ఇంకెవరిదో చెబుతారు. అట్లా పన్నెండు దీపాలు. పన్నెండూ అయిపోయి, దీపాలు ఒడిసినయి, నా తమ్ముడేడి అని ఆ అక్క అడిగే చోటు వచ్చేసరికి, చిన్నప్పుడు నేను రెండు చెవులూ మూసుకొని చేను దాటి ఉరికేవాణ్ణి. నాకూ ఒక అక్క ఉంది గదా, ఆ తమ్ముణ్ణి నేనేనని భయం. కాబట్టి నాకు తెలిసినంత వరకు ఆ తమ్ముడు చచ్చిపోయాడు. ఆఖరి జవాబు వినకుండానే పెద్దవాణ్ణయ్యాను, వినకుండానే బాయిలో కుదురుకున్నాను, ముప్పై నాలుగేళ్ళు దిగి ఎక్కాను.

మా అమ్మ పోయే ముందు అడిగే సగం కోడలికి, అంటే మా ఆమెకు ఇచ్చింది. చెప్పే సగం బిడ్డకు, అంటే మా అక్కకు ఇచ్చింది. ఇచ్చింది అంటే ఇచ్చిందే. ఒకరి సగం ఇంకొకరు నోట పట్టకూడదు. అమ్మను వాకిట్లో పడుకోబెట్టిన రోజు మా ఆమె గొంతెత్తి మొదటి దీపం ఎవరిదని పాటతో అడిగింది. అక్క జవాబు ఇవ్వలేదు. రెండోసారి అడిగింది. ఇవ్వలేదు. వాడకట్టు అంతా చూస్తుండగా మూడోసారి అడిగి, నోరు మూసుకుంది. మూడుసార్లు అడిగినా నన్ను మనిషి కింద లెక్కవెట్టలేదని మా ఆమె కోపం. నా ఏడుపు ఒడవక ముందే పాటకు ఎగబడ్డదని అక్క కోపం. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరిదీ న్యాయం అయినప్పుడు నడుమ ఉన్నవాడి గతి ఏమవుతుందో పెళ్ళయిన మగవాళ్ళకు చెప్పక్కర్లేదు. పదకొండేళ్ళు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. మా ఇంటి సర్వపిండి డబ్బాలో అక్క ఇంటికి పోయేది, అదే డబ్బాలో అక్క చేతి మామిడికాయ తొక్కు మా ఇంటికి వచ్చేది. డబ్బాలు మాట్లాడుకునేవి, మనుషులు మాట్లాడుకునేవాళ్ళు కాదు.

అక్షరాలు రాగానే మా ఆమె దగ్గర కూర్చొని పదమూడు ప్రశ్నలూ నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్కో ప్రశ్న కింద రెండు గీతల చోటు వదిలి, అక్క దగ్గరికి పోయాను. అక్క నోటుబుక్కును చూడను కూడా లేదు. "అడిగేటోళ్ళు అడుగుతే చెప్త తమ్మి. ఒట్టిగ చెప్తే అది పాటెట్లయితది?" అన్నది. పోనీ ఆ పిల్లగాడు బతికిండా సచ్చిండా, ఒక్క మాట చెప్పరాదా అని మా ఆమెను బతిమాలాను. "అది వదినె మాట, నా నోట్లెకెల్లి రాదు" అని చింతపండు పిసుక్కుంటూ కూర్చుంది. అక్కకు అప్పటికి డెబ్బై. మోకాళ్ళు పోయాయి, ఆయాసం మొదలైంది. రోజూ ఆ ఖాళీ గీతలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

అలాంటప్పుడు మా అక్షరాల తరగతి టీచరమ్మ ఒకామెను వెంటబెట్టుకొని వచ్చింది. టీచరమ్మది మంథని. తాత ముత్తాతల నుంచి గుడి, బడి తప్ప ఇంకోటి తెలియని ఇంటి మనిషి. వెంట వచ్చినామె అమెరికా దేశం మనిషి. తెల్ల జుట్టు, పొడుగు మనిషి, భుజాన ఒక వాద్యం. మన డప్పుకు తంబుర మెడ అతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. వాళ్ళ దేశంలో కూడా బొగ్గు కొండలు ఉన్నాయట. ఆ కొండల్లో ముసలమ్మల నోళ్ళలో పాత కథల పాటలు ఉండేవట, వాళ్ళ ముత్తవ్వల ముత్తవ్వలు ఓడలెక్కి వచ్చిన నాడు వెంట తెచ్చుకున్నవి. నడుమ రేడియోలు వచ్చాక జనం చెవులు తెరిచి నోళ్ళు మూసుకున్నారట. ఈమె ఇల్లిల్లూ తిరిగి ఆ పాటలు పోగుచేసి, లావు లావు పుస్తకాలు రాసింది. రాశాక, పుస్తకంలో పాట పడుకుని ఉంటుంది గాని లేచి నిలబడదని తోచి, దుకాణాల వాళ్ళను, డ్రైవర్లను, దవాఖాన నర్సులను ఒక్కచోట చేర్చి మళ్ళీ నోళ్ళు తెరిపించడం మొదలుపెట్టింది. అదీ మామూలుగా కాదు. ఒక్క పాటనే ఒక్కొక్కరు ఒక్కో స్వరంలో, అందరూ ఒకేసారి పాడాలి. టీచరమ్మ ఈ సంగతి చెప్పినప్పుడు సర్దార్ కాక (బాయిలో మా మీద సర్దారుగా చేసి రిటైరైన మనిషి) శ్రద్ధగా విని, మా యూనియన్ మీటింగులు కూడా గట్లనే ఉంటయని అన్నాడు.

ఆమెకు మేం పాటలమ్మ అని పేరు పెట్టాం. మూడు రోజులు ఉంది. మొదటి రోజు అక్క ఇంటికి పోయి, మన మాట రాదు గనుక పక్కన కూర్చొని అనపకాయలు ఒలిచింది. వాళ్ళ అవ్వ కూడా చేతిలో పని లేకుండా పాడేది కాదట. చేటెడు కాయలు ఒలిచాక తానే ఒక పాట పాడింది. కొండ మీద ఒక పిల్ల, లోయలో పోతున్న గుర్రపాయనను ఏడు మాటలు అడుగుతుందట. మాటలు అర్థం కాకపోయినా అక్క వేళ్ళు ఆగిపోయాయి. ఇదీ అడుగుడు పాటనే అని నాతో అన్నది. అప్పుడు నేను పొగరుగా, మా అమ్మది ఇంతకన్నా పెద్ద పాట ఉంది, బుధవారం వినిపిస్తామని పాటలమ్మకు టీచరమ్మ ద్వారా మాట ఇచ్చేశాను. బుధవారం నాలుగు గంటలకు రైలెక్కడానికి ఆమె రామగుండం పోవాలి. అది ఆఖరి రోజు.

ఇప్పుడు నా తెలివి వినండి. మా ఆమె ఆ రోజు శ్రీరాంపూర్‌లో వాళ్ళ తమ్ముని ఇంటికి పోతుందని అక్కకు చెప్పాను. అక్క మోకాళ్ళు బాగాలేవు, హాలుకు రాదని మా ఆమెకు చెప్పాను. ఇద్దరూ నమ్మారు, ఇద్దరూ వచ్చారు. అక్క ఆటో దిగి, గోడకు ఆనుకొని చాప మీద కూర్చున్న పావుగంటకు మా ఆమె గుమ్మంలోకి వచ్చింది. అక్కను చూసింది. నన్ను చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అంత సేపు ఆమె నన్ను చూడలేదు. తరువాత చాయ్ కేటిలు పట్టుకొచ్చిన చాయ్ అవ్వతో, "గీ మనిషితోని ఇన్నేండ్లు ఎట్ల ఎల్లదీసిన్నో నాకే తెల్వది అవ్వా" అని, ఎదురు గోడకు పోయి కూర్చుంది. లేచి వెళ్ళిపోనందుకు నేను లోపల దండం పెట్టుకున్నాను. ఇద్దరి నడుమ ముప్పై అడుగుల చాప, దాని నడుమ పాటలమ్మ, ఆమె రికార్డు మిషను. చెవిటి మామ (డ్రిల్లింగు మిషను దగ్గర చేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు, చాయ్ ఉందంటే పాట కచేరీకైనా వస్తాడు) ముందు వరుసలో కూర్చుని తల ఊపడం అప్పుడే మొదలుపెట్టాడు.

రికార్డు నడుమ ఫోన్లు మోగకూడదని పాటలమ్మ ఒక స్టీలు పళ్ళెం తిప్పింది. అందరం ఫోన్లు అందులో పెట్టాం. సర్దార్ కాక దగ్గరికి పళ్ళెం రాగానే ఆయన ఫోనుతో పాటు బీడీ కట్ట, అగ్గిపెట్టె కూడా తీసి పెట్టాడు. బాయిలోకి దిగే ముందు అవి పైన అప్పజెప్పి దిగడం మా పద్ధతి. రిటైరై పన్నెండేళ్ళయినా చెయ్యి మరిచిపోలేదు. పళ్ళెం మిషను పక్కన పెట్టారు. పళ్ళెం సంగతి గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

మొదలుపెట్టమంటే ఎవరూ మొదలుపెట్టరు. ఒకసారి అడిగి సిగ్గు పోగొట్టుకున్న, మళ్ళ అడుగ అని మా ఆమె టీచరమ్మకు చెప్పింది. అడుగందే నేనెట్ల చెప్త అని అక్క టీచరమ్మకు చెప్పింది. టీచరమ్మ మెడ ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతూనే ఉంది. పన్నెండున్నర ఒకటయింది, ఒకటి ఒకటిన్నర అయింది. నాలుగింటి రైలు నా కడుపులో కూత పెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు పాటలమ్మ నవ్వుతూ ఒక మాట చెప్పింది. వాళ్ళ కొండల్లో పొలం గట్టు కాడ తగాదాపడి మాటలు మానేసిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళట. ఇద్దరిదీ ఊళ్ళో పెద్ద గొంతు. ఒకరి దారిలో ఒకరు నడవరు గనుక వాళ్ళను వేరు వేరు స్వరాల్లో పాడించేవాళ్ళట. "ఎవరి తోవ వాళ్ళది. దగ్గరికి రానక్కర్లేదు, చివరకు ఒక్కచోట ఆగితే చాలు అంటున్నది" అని టీచరమ్మ చెప్పింది. అడగడం వద్దు, చెప్పడం వద్దు, మాటలే వద్దు, పాట వరుస మాత్రం ఇద్దరూ ఊఁ అంటూ తీయండి అన్నది. మా ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది. అక్క గొంతు సవరించింది.

మొదటిసారి రెండు ఊపిరుల సేపు బాగానే నడిచింది. తరువాత అక్క గొంతు మెల్లగా జారి మా ఆమె గొంతులో కలిసిపోయింది. పాటలమ్మ చేయెత్తి ఆపింది. రెండోసారి మా ఆమె గొంతు పైకెక్కి అక్క దగ్గరికి పోయింది. మూడోసారి ఇద్దరూ బయలుదేరి నడిమిట్ల కలుసుకున్నారు. "నా తొవ్వకెందుకు వస్తున్నదో అడుగు టీచరమ్మా" అని మా ఆమె. "నేను నా జాగల్నే ఉన్న, ఆమెనే ఉరికొచ్చింది" అని అక్క. ఇది మాకే చేతనైన తప్పు. మా వైపు నాట్లలో పాడేటప్పుడు ఒకామె గొంతు తప్పితే, తప్పిందని చూపరు. మిగతా అందరి గొంతులూ ఆమె దగ్గరికి పోతాయి. పాట చెడినా మంచిదే, మనిషిని ఒంటరిగా వదలకూడదు. మా అమ్మ ఇద్దరికీ మడిలో నిలబెట్టి నేర్పింది అదే. పదకొండేళ్ళ కోపం ఇద్దరికీ నోట్లో ఉంది గాని గొంతు దాకా దిగలేదు. ఆ ముక్క నాకు అర్థమై కళ్ళు తుడుచుకుంటుంటే, చెవిటి మామ నా వీపు తట్టి, మస్తు పాడుతున్నరు అన్నాడు.

అంతలో రెండు గంటలైంది. పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పేలింది. కిటికీలు గలగలమన్నాయి, రేకుల మీది నుంచి దుమ్ము రాలింది, చాయ్ గిన్నెల్లో చాయ్ వణికింది. పాటలమ్మ ఉలిక్కిపడి లేచింది. మాలో ఒక్కరూ కదల్లేదు. రోజూ వచ్చేదే, చాయ్‌లో దుమ్ము పడకుండా అందరం అరచెయ్యి అడ్డం పెట్టుకున్నామంతే. చాయ్ అవ్వ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఫికర్ చెయ్యకు బిడ్డా అన్నది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. ఆ పేలుడుకు కదలని మనుషులం మేము.

నేను బాయిలో టింబర్‌మన్‌గా చేసినవాణ్ణి. పని జాగాలో పై బండకు కింద కర్ర దుంగలు నిలబెట్టడం, ఇనుప కడ్డీతో పై బండను తట్టి వినడం నా పని. మంచి బండ ఖంగుమంటుంది, చెడిపోయిన బండ బోలుగా పలుకుతుంది. కూలే ముందు దుంగలు సన్నగా మూలుగుతాయి. ఆ మూలుగు ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు, చెవిలో కాదు, పళ్ళలో వినబడుతుంది. అది ముందుగా విన్నవాడు కేక వెయ్యాలి. నిజమా అబద్ధమా అని ఆగకూడదు. తప్పు కేక వేసినవాణ్ణి ఎవరూ తిట్టకూడదు, అది మా కట్టుబాటు. ముప్పై నాలుగేళ్ళలో నేను వేసిన కేకలు నాలుగు. రెండు నిజమయ్యాయి, రెండు కాలేదు. నాలుగుసార్లూ అందరం బయటపడ్డాం.

నాలుగోసారికి పాటలమ్మ ఒక ఉపాయం చేసింది. ఇద్దరినీ ఒక చెవిలో వేలు పెట్టుకోమంది. తానూ ఒక స్వరం పట్టుకొని నడుమ నిలబడింది. అక్క కింద, మా ఆమె పైన, పాటలమ్మ నడుమ. ఈసారి ఎవరూ జారలేదు. మూడు గొంతులు మూడు దుంగల్లా నిలబడ్డాయి. అప్పుడు, ఎవరూ పాడని నాలుగో గొంతు ఒకటి పైనుంచి మొదలైంది. సన్నటి మూలుగు. నా పళ్ళు జివ్వుమన్నాయి. నేను కప్పు వైపు చూశాను. రేకులు పలుకుతున్నాయి.

"పైన పలుకుతున్నది, ఉరకుండ్రి!"

అందరికంటే ముందు ఉరికింది పాటలమ్మ. తెలుగు ముక్క రాని మనిషి, తన వాద్యం కూడా వదిలేసి, టీచరమ్మ రెక్క పట్టుకొని గుమ్మం దాటింది. ఆమె వెనుక చెవిటి మామ. (కేక వినబడలేదు గాని మా కాళ్ళు చూశాడట.) సర్దార్ కాక పాత అలవాటు ప్రకారం గుమ్మం పక్కన నిలబడి చాయ్ అవ్వను బయటికి తోశాడు. అక్క లేవలేకపోయింది. రెండు చేతులూ చాప మీద ఆనించి, మోకాలు రాక, నా వైపు చూసింది. నేను కదిలేలోపే మా ఆమె ముప్పై అడుగులూ దాటి, వెనుక నుంచి చంకల కింద చేతులు వేసింది. "లెవ్వు వదినె, నా మీద బరువెయ్యి, లెవ్వు" అన్నది. పదకొండేళ్ళ తరువాత మొదటి మాట అది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతూ లేస్తూ బయటపడ్డారు.

నేను గుమ్మంలో ఆగి పైకి చూశాను. కేక వేసినవాడు ఆఖరున పోవాలి, అదీ మా కట్టుబాటే. పాట ఆగిపోయింది. పాటతో పాటే మూలుగూ ఆగిపోయింది. నేను నెమ్మదిగా ఊఁ అని అక్క స్వరం తీసి చూశాను. పైన ఒక రేకు దగ్గర వదులైన బోల్టు ఒకటి, నాకు జవాబు ఇస్తున్నట్టు, జుయ్యిమని వణికింది. అంతే సంగతి. బ్లాస్టింగుకు వదులైన బోల్టు, మూడు గొంతులు సరిగ్గా కలిసేసరికి పలికింది. వాళ్ళు అంత బాగా పాడారన్న మాట. దానికి నేను బాయి కూలుతున్నట్టు అరిచాను.

ఇప్పుడు ఏ ముఖంతో బయటికి పోవాలి? మూలన ఉన్న బూజు కర్ర అందుకొని, పెద్ద పనిలో ఉన్నవాడిలా రేకులను ఠక్ ఠక్ తట్టడం మొదలుపెట్టాను. నేను చూసి మంచిదని చెప్పేదాకా ఎవరూ లోపలికి రారని నాకు తెలుసు. బయట సర్దార్ కాక లెక్క తీస్తున్నాడు. ప్రమాదం తప్పాక పేరు పేరునా పిలిచి ఉన్నారో లేదో చూసుకోవడం సర్దారు పని. ఒక్కొక్కరూ ఉన్న, ఉన్న అన్నారు. చెవిటి మామ తరఫున చాయ్ అవ్వ అన్నది. ఆఖరున "టింబరూ" అని నన్ను పిలిచాడు. నేను పలకలేదు. సిగ్గుతో నోరు రాలేదు, అది నిజం.

"ఈ మనిషికి పానం మీద తీపి లేదు" అని మా ఆమె గొంతు కిటికీలోంచి వినబడింది. ఆమె బాయిలో చేసిన మనిషి కాదు గనుక కట్టుబాటు వర్తించదు, తిట్టవచ్చు. "పాటంటె ఉరుకుడు మా తమ్మికి చిన్నప్పటి సంది అలవాటే పిల్లా" అన్నది అక్క. "పెండ్లయిన కాడికెల్లి నేను చూస్తలేనా వదినె, పాటకు ఉరుకుతడు, పనికి ఉరుకుతడు, కూరల ఉప్పెక్కువైతె గూడ ఉరుకుతడు" అన్నది మా ఆమె. ఇద్దరూ నవ్వారు. నా మీద పడి నవ్వుతున్నారు, నవ్వనీ అనుకున్నాను. తరువాత అక్క నవ్వు ఆపి "తమ్మీ" అని పిలిచింది. పలకబోయి ఆగాను. నేను పలికితే భయం తీరిపోతుంది. భయం తీరితే మళ్ళీ ఎవరి గోడకు వాళ్ళు పోతారు. తప్పే. డెబ్బై ఏళ్ళ అక్కను భయపెట్టి నిలబెట్టడం తప్పే. అయినా పలకలేదు. కర్ర కూడా ఆపేశాను.

అప్పుడు మా ఆమె, మెల్లగా, వెక్కిరింపుతో మొదలుపెట్టినట్టే పెట్టి, పాట ఎత్తుకుంది.

"బాయి గడ్డ మీద నిలవడి అడుగుతి, ముందుగొచ్చే దీపమెవ్వలిదే?"

అమ్మ వాకిట్లో పడుకున్న నాడు మూడుసార్లు అడిగిన ప్రశ్న. నేను కిటికీ పక్కన గోడకు అతుక్కుపోయాను. అక్క ఆయాసపడుతూ ఊపిరి పట్టుకోవడం నాకు వినబడింది.

"ముందుగొచ్చే దీపం మేస్త్రిది పిల్లా, నీ తమ్ముడింకెనుకున్నడే."

నోటుబుక్కు అక్క కూర్చున్న చాప దగ్గర నా సంచీలో ఉండేది గాని ఆ సంచీని చెవిటి మామ తనదనుకొని పట్టుకొని ఉరికాడు. పాటలమ్మ మిషను నా ఎదురుగానే ఎర్ర లైటుతో మెరుస్తోంది. అది నడుస్తున్నట్టా ఆగినట్టా నాకు తెలియదు. పళ్ళెం నిండా ఫోన్లు ఉన్నాయి, అన్నీ ఎవరివో, నా ఫోనుకు మాట్లాడటం తప్ప ఇంకో విద్య లేదు. ఆ హాలు మా అక్షరాల తరగతి హాలే. గోడకు నల్లబల్ల, దాని కింద సుద్దముక్కలు. సుద్ద అందుకొని బల్ల మీద రాయడం మొదలుపెట్టాను. ఏడు నెలల చెయ్యి. అక్క ఒక జవాబు పాడి ముగించేసరికి నేను మూడు మాటలే రాసేవాణ్ణి. ఒత్తులు వదిలేశాను, దీర్ఘాలు వదిలేశాను, చెమటతో సుద్ద జారిపోతోంది. అయిదో దీపం, ఆరో దీపం. అక్క దగ్గింది, నేను బతికాను, ఆ దగ్గులో ఒక గీత పూర్తి చేశాను. ఎనిమిదో దీపానికి బల్ల నిండిపోయింది. మిగతావి నీలం రంగు గోడ మీదికి ఎక్కించాను. బయట వాళ్ళ పాట కింద పాటలమ్మ గొంతు ఒకటి వచ్చి చేరింది, మాటలు లేకుండా, నేల పరిచినట్టు. పన్నెండో దీపం అయిపోయింది. మా ఆమె ఆఖరి ప్రశ్న అడిగింది.

"దీపాలు ఒడిసెనే, తొవ్వ చీకటాయెనే, నా తమ్ముడేడమ్మ చెప్పరాదే?"

నా చేతులు రెండూ వాటంతట అవే చెవుల దగ్గరికి లేచాయి. నిజం చెబుతున్నాను, అరవై రెండేళ్ళవాణ్ణి, సుద్దముక్కతో సహా చెవులు మూసుకోబోయాను. చెంపకు సుద్ద తగిలి ఆగాను.

"దీపమెవ్వలికో ఇచ్చి వస్తున్నడే పిల్లా, చీకట్ల పాడుకుంట వస్తున్నడే. చూసుడు సాలించి చెవివెట్టవే అక్కా, వాడు పాడుకుంట వస్తున్నడే."

బతికే ఉన్నాడు. యాభై ఏళ్ళకు పైగా నేను చంపుకుంటూ వచ్చిన తమ్ముడు బతికే ఉన్నాడు. దీపం లేదు గనుక కనబడలేదంతే. నేను ఉరకకుండా ఇంకో నాలుగు మాటలు ఆగి ఉంటే చిన్నప్పుడే తెలిసేది. ఆ గీత గోడ మీద రాసి, సుద్ద కింద పెట్టి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. అందరూ నన్నే చూస్తున్నారు. బోల్టు అన్నాను. సర్దార్ కాక పెద్దమనిషిలా, కేక వేసుడే మంచిది తమ్మి అని ఊరుకున్నాడు. మా ఆమె ఊరుకోలేదు. అది రాయను.

పాటలమ్మను అందరికన్నా ముందు ఎందుకు ఉరికావని టీచరమ్మ అడిగింది. ఆమె నాన్న, తాత బొగ్గుబాయి మనుషులట. ముసలి బాయి మనిషి కప్పు వైపు అలా చూశాడంటే, ఏ భాషలో అరిచాడని మా ఇంట్లో ఎవరూ ఆగరు అన్నదట. మిషను ఆగలేదు, అంతా పట్టుకుంది. తరువాత ఆమె పంపింది, టీచరమ్మ ఫోనులో విన్నాం. మూడు గొంతులు కలిసిన పన్నెండు ఊపిరులు, నా కేక, కాళ్ళ చప్పుళ్ళు, కర్ర ఠక్ ఠక్. అటు తరువాత కిటికీ అవతల ఎక్కడో దూరంగా పాట, దాని మీద గుర్రం పరుగెత్తినట్టు నా సుద్దముక్క. ఒక్క మాట తెలియదు. కాబట్టి ఆ పాట మొత్తం ఉన్నది నా బల్ల మీద, నా గోడ మీదే. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో ఆ వరుసను మూడు స్వరాల్లో పాడిస్తున్నదట. నడుమ ఆ ఠక్ ఠక్ ఏమిటని అడిగితే, అది కూడా పాటలో భాగమే అని చెబుతున్నదట. పెద్ద చదువులు చదివినవాళ్ళు అబద్ధం ఎంత అందంగా చెబుతారో చూడండి.

ఆ రోజు అక్క లోపలికి వచ్చి, మా ఆమె భుజం పట్టుకొని గోడ ముందు నిలబడింది. అక్కకు అక్షరం రాదు. ఏ గీత ఏదని నన్ను అడిగింది. వేలుతో చూపించాను. ఆఖరి గీత దగ్గర వేలు ఆనించి, తుడవకు తమ్మి అన్నది. బల్ల మీదివి ఆ సాయంత్రమే నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను, గోడ మీదివి తుడవలేదు. రెండేళ్ళకు హాలుకు సున్నం వెయ్యడానికి మనుషులు వస్తే, టింబర్‌మన్ సుద్దతో పెట్టిన గుర్తు ఇంకొకరు తుడవకూడదు, బాయి రూలు అని సర్దార్ కాక కుర్చీ వేసుకొని అడ్డం కూర్చున్నాడు. చుట్టూ కొత్త సున్నం, నడుమ నీలం ముక్క, అందులో నా ఒత్తులు లేని రాత. అక్క ఆ తరువాతి చలికాలం పోయింది. ఈసారి మా ఆమె ఏడుపు ఒడిసేదాకా ఆగి, అప్పుడు అడిగింది. జవాబు నేను చదివాను. పాడానని అనను. నీది పాట కాదయ్యా, షిఫ్టు సైరను అని మా ఆమె ఇప్పటికీ అంటుంది. అయినా సాయంత్రాలు చింతపండు పిసుక్కుంటూ అడుగుతూనే ఉంటుంది. నేను చెబుతూనే ఉంటాను. అప్పుడప్పుడు ఆ హాలుకు పోయి, ఆ చెమట పట్టిన పసివాడి రాత చూసి నవ్వుకుంటాను. ఎంత హడావిడి పడ్డాడు పాపం.

సర్దారు తీసిన లెక్క ఆ రోజు పూర్తి కాలేదు గనుక ఇక్కడ పూర్తి చేస్తాను. పాటలమ్మ, ఉన్నది. మంథని టీచరమ్మ, ఉన్నది. చాయ్ అవ్వ, ఉన్నది. చెవిటి మామ, నా సంచీతో సహా ఉన్నాడు. సర్దార్ కాక, ఉన్నాడు. మా ఆమె, ఉన్నది. మా అక్క, ఆమె భుజం మీద ఉన్నది. అందరికీ వెనుక, లోపల, చేతినిండా సుద్దతో, అక్క పిలిచినా పలకనివాడు ఒకడు.

ఉన్న అక్కా.